ఆ అదనపు గంట ఎవరి సొమ్ము?

పరీక్షలో అదనపు సమయం, మూడో అంతస్తు నుంచి కిందికి మార్చిన క్లాసు, మెడికల్ సీటు... వికలాంగ విద్యార్థికి కాలేజీలో ఏ చిన్న సర్దుబాటు చేసినా ‘మరి మా సంగతేంటి?’ అనే గొంతు ఒకటి పక్కనుంచి లేస్తుంది. ఆ గొంతుకు జవాబు చెప్పాల్సిందెవరు?

ఇంటర్ రెండో సంవత్సరం మ్యాథ్స్ పేపర్. మిగతావాళ్లంతా హాల్లో ఉంటే స్టాఫ్‌రూమ్ మూల ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒక కుర్చీలో పరీక్ష రాయాల్సిన కుర్రాడు. సెరిబ్రల్ పాల్సీ వల్ల వేళ్ల మధ్య పెన్ను నిలవదు. రెండో కుర్చీలో అతని బదులు రాసే స్క్రైబ్, పదో తరగతి పిల్లాడు.

“ఇంటిగ్రల్ జీరో టు పై బై టూ, సైన్ పవర్ ఫోర్ ఎక్స్, డీ ఎక్స్.”

“ఇంటిగ్రల్ అంటే ఎలా ఉంటుందన్నా?”

“పొడుగ్గా ఎస్ గీయి. కింద సున్నా పెట్టు. పైన పై బై టూ.”

“పైన బై టూ వేయాలా అన్నా?”

“పై రా... త్రీ పాయింట్ వన్ ఫోర్ పై.”

“మాటలొద్దు బాబూ, చెప్పింది రాయి, అంతే” అంటారు ఇన్విజిలేటర్ మేడమ్.

అన్నకు ఆ లెక్క వచ్చు. తమ్ముడికి ఆ గుర్తే కొత్త. రూట్ గీత ఎక్కడిదాకా లాగాలో, బ్రాకెట్ ఎక్కడ మూయాలో నోటితో చెప్పి రాయించేసరికి నాలుగు మార్కుల ప్రశ్నకే ఏడు మార్కుల ప్రశ్నకు పట్టేంత సమయం పోతుంది. పన్నెండింటికి చివరి గంట కొడతారు. హాళ్లు ఖాళీ అవుతాయి. జవాబు పత్రాలు లెక్కపెట్టి, బండిళ్లు కట్టి, సీలు వేసి పంపాల్సిన సిబ్బందికి మాత్రం కదలడానికి లేదు. స్టాఫ్‌రూమ్‌లో ఇంకో గంట పరీక్ష ఉంది. ‘ఒక్కడి కోసం ఇంతమందిమి’ అనే విసుగు అక్కడ మొదలవుతుంది. గేటు బయట ఇంకో మాట: ‘వాడికి గంట ఎక్కువిచ్చారంట, మనకిస్తే మనమూ రాసేవాళ్లం కదరా!’ లోపల కుర్రాడికేమో ఆ గంటా చాలడం లేదు.

మార్చి వచ్చిందంటే ఇలాంటి గదులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపిస్తాయి. ఒకే గంట మీద ముగ్గురికి మూడు ఫిర్యాదులు. ఏదీ కొట్టిపారేయదగ్గది కాదు. కానీ కాస్త ఆగి చూస్తే ఈ ముగ్గురూ ఒకరికొకరు బాకీ లేరు. స్క్రైబ్‌కు లెక్కలు రాయడం నేర్పించాల్సిన బోర్డు నేర్పలేదు. అదనపు గంటకు వేరే సిబ్బందిని వేయాల్సినవాళ్లు వేయలేదు. చెల్లించాల్సినవాడు బిల్లు ఎగ్గొట్టి పోతే బల్ల దగ్గర మిగిలినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. కాలేజీల్లో వికలాంగ విద్యార్థికీ తోటి విద్యార్థికీ మధ్య పేచీగా కనిపించేవాటిలో చాలావరకు ఈ బాపతే. అన్నీ కావు. ఇద్దరి అవసరాలు నిజంగా ఢీకొనే సందర్భాలూ ఉన్నాయి, వాటికి జవాబు అంత తేలిక కాదు. ముందు ఈ రెండింటినీ విడదీయాలి.

కాగితం మీద హక్కు

2016 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇందులో 21. డిస్లెక్సియా లాంటి అభ్యసన లోపాలు, ఆటిజం, తలసీమియా, హీమోఫీలియా, యాసిడ్ దాడి బాధితులు అందరూ వచ్చారు. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం అందుకునే ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, ఆపై వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలంది. అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటివన్నీ 17వ సెక్షన్‌లోనే పేరు పెట్టి చెప్పింది.

అన్నిటికంటే ముఖ్యమైంది ‘తగిన సర్దుబాటు’ అనే భావన. ఒక వ్యక్తి మిగతావారితో సమానంగా హక్కును వాడుకోవడానికి అవసరమైన మార్పు చేయాలి, అయితే అది ఆ ప్రత్యేక సందర్భంలో మితిమీరిన భారం కాకూడదు. ఈ సర్దుబాటును నిరాకరిస్తే అదీ వివక్షే. తూకపు రాయి చట్టంలోనే ఉందన్నమాట. చిక్కల్లా ఆ తక్కెడ ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే. భారం ఎవరికి, ఎంత అని ఒక్కో విద్యార్థి విషయంలో విడిగా లెక్క వేయాలని చట్టం ఉద్దేశం. మన కాలేజీల్లో జరిగేది ‘రూల్ లేదు బాబూ’ లేదా ‘సరేలే, పోనీ ఇచ్చేయండి’. రెంటిలోనూ లెక్క వేయడం అనేది ఉండదు.

ఎంతమంది గురించి మాట్లాడుతున్నామో కూడా చూడాలి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. కేంద్రం వేసిన ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2020–21లో కళాశాలలు, విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న 4.13 కోట్ల మందిలో వికలాంగులు సుమారు 79 వేలు. నూటికి ఒకరు కూడా లేరు. ‘వీళ్లకే అన్నీ పోతున్నాయి’ అనే మాట విన్నప్పుడల్లా ఈ అంకె పక్కన పెట్టుకోవడం మంచిది.

వేగమే చదువైన చోట

అయినా గేటు దగ్గర కుర్రాడి మాటను తీసిపారేయకూడదు. పరీక్షల మీద పరిశోధన చేసేవాళ్లు ఒక కొలత వాడతారు. సర్దుబాటు ఇస్తే వైకల్యం ఉన్నవాడి మార్కులు పెరగాలి, లేనివాడికి అదే ఇచ్చినా పెద్దగా తేడా రాకూడదు. బ్రెయిలీ ప్రశ్నపత్రం ఈ కొలతకు సరిగ్గా సరిపోతుంది. చూపున్నవాడికి అది ఇస్తే ఒరిగేదేమీ లేదు. కానీ అదనపు సమయం అలా కాదు. గడియారంతో పరుగు పెట్టించే పరీక్షలో ఎవరికి పావుగంట ఎక్కువిచ్చినా మార్కులు పెరుగుతాయి. మన ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. 2021 నీట్‌లో 180 నిమిషాల్లో 180 ప్రశ్నలకు గురి పెట్టాలి. నిమిషానికొకటి. ఇలాంటి చోట గంట అంటే ర్యాంకు, ర్యాంకంటే సీటు.

ఆ 2021 నీట్‌లోనే డిస్‌గ్రాఫియా ఉన్న ఓ అమ్మాయికి రావాల్సిన అదనపు గంట ఇవ్వలేదు. చేతిరాతను దెబ్బతీసే లోపం అది. నలభై శాతం సర్టిఫికెట్ ఉంది, అయినా మిగతావాళ్లతోపాటే ఆమె జవాబు పత్రమూ లాక్కున్నారు. సెంటర్లో ఉన్నవాళ్లకు నిబంధన తెలియదు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 నవంబరు 23న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్న ఇచ్చిన తీర్పు చదివితే తూకం ఎంత కష్టమో తెలుస్తుంది. ఒక్కరి కోసం మళ్లీ పరీక్ష పెట్టడం కుదరదన్నారు. అప్పటికే 15 లక్షల మందికి పైగా రాసి, ఫలితాలు వచ్చేశాయి. అలాగని లక్షలమంది పోటీపడే పరీక్షలో ఒకరిద్దరికి ఇలా జరగడం మామూలే అని వదిలేయడమూ కుదరదన్నారు. జరిగిన అన్యాయాన్ని ఎలా సరిదిద్దుతారో వారంలో తేల్చమని పరీక్షల సంస్థను ఆదేశించారు. గంట విలువ ముందే తెలిసిన సంస్థ సెంటర్లలో సిబ్బందికి ఆ ఒక్క నిబంధన నేర్పి ఉంటే కోర్టుకు ఈ పని ఉండేది కాదు.

ఇక్కడ సాధారణంగా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. 40 శాతం, ఆపై వైకల్యం ఉన్నవారికి సీట్లు విడిగా ఉన్నాయి, ఎక్కువగా వాళ్లలో వాళ్లే పోటీ పడతారు. వాళ్ల అదనపు గంట వల్ల ఓపెన్ కేటగిరీలో మీ అబ్బాయి ర్యాంకుకు వచ్చే నష్టం చాలా తక్కువ. 40 శాతం లోపు ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవారి సంగతి వేరు. 2021 ఫిబ్రవరి 11న సివిల్స్ అభ్యర్థి ఒకరి కేసులో సుప్రీంకోర్టు, అలాంటివారికీ స్క్రైబ్ హక్కు ఉందని చెప్పింది. ఎంబీబీఎస్ చదివిన ఆ యువకుడికి పెన్ను పట్టగానే వేళ్లు బిగుసుకుపోయే జబ్బు. కొందరు దుర్వినియోగం చేస్తారన్న భయంతో అసలు హక్కునే కాదనడం చెల్లదంది కోర్టు. 2022 ఆగస్టులో కేంద్రం అందుకు తగ్గ మార్గదర్శకాలిచ్చింది. వీళ్లకు కోటా లేదు, అందరితో కలిసి ఓపెన్‌లోనే పోటీ. పోటీదారులిద్దరి ప్రయోజనం నిజంగా ఎదురుబొదురుగా నిలబడేది ఈ చోటే. ఇక్కడ నాకు సులువైన జవాబు లేదు. ఒక్క ప్రశ్న మాత్రం ఉంది. డాక్టరుకూ ఇంజినీరుకూ నిమిషానికో ప్రశ్న వేగం ఎందుకు? ఆ వేగం వృత్తికి అవసరమైతే దాన్ని పరీక్షించండి. కాకపోతే అందరికీ ఇంకో గంట ఇవ్వండి, గొడవలో సగం పోతుంది. అలా ఇస్తే టాప్ ర్యాంకులు విడదీయడం కష్టమవుతుందని ఎవరైనా అనవచ్చు. వేగాన్ని జల్లెడగా వాడుకుంటున్నామని ఒప్పుకోవడమే అది.

పక్కింటి పిల్లాడికీ పబ్లిక్ పరీక్షలే

స్క్రైబ్ నిబంధనలో కూడా ఎవరి ప్రయోజనాన్ని ఎవరి ఖర్చుతో కాపాడుతున్నామో చూడండి. 2018 ఆగస్టు 29 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అభ్యర్థి తన స్క్రైబ్‌ను తానే తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి కంటే ఒక మెట్టు తక్కువ ఉండాల్సి వచ్చేది. చదువుకున్నవాడిని కూర్చోబెడితే తానే రాసేస్తాడన్న భయం. మిగతా అభ్యర్థులకు అన్యాయం జరగకూడదన్న ఉద్దేశం సరైందే. కానీ ఆ రక్షణ ఖరీదు మొత్తం ఇంటిగ్రల్ గుర్తు తెలియని తమ్ముడితో లెక్కలు రాయించుకునే అన్న మీద పడింది.

అవే మార్గదర్శకాలు ఇంకా చెప్పాయి. జిల్లా స్థాయిలో స్క్రైబ్‌ల ప్యానెల్ సిద్ధం చేయాలి. స్క్రైబ్ పనికొస్తాడో లేదో చూసుకోవడానికి పరీక్షకు రెండు రోజుల ముందు అభ్యర్థిని కలవనివ్వాలి. కంప్యూటర్ మీద రాస్తానంటే అవకాశమివ్వాలి. ప్యానెల్ లేనిచోట ఏం జరుగుతుంది? ఫిబ్రవరి నుంచే అమ్మానాన్నలు వీధి వీధి తిరుగుతారు. ‘వదినగారూ, మీ వాడిని ఓ ఆరు రోజులు పంపండి’ అని బతిమాలతారు. ‘పంపేదాన్నే వదినా, వాడికీ పబ్లిక్ పరీక్షలు నెత్తి మీదున్నాయి కదా’ అని అవతలి తల్లి మొహమాటపడుతుంది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఇంటర్ పరీక్షలూ పది పరీక్షలూ కాస్త అటూ ఇటుగా ఒకే నెలలో. బోర్డు పెట్టాల్సిన ప్యానెల్ ఖర్చు ఇద్దరు తల్లుల మొహమాటం మీదికి వచ్చింది. శిక్షణ ఉన్న స్క్రైబ్‌ను బోర్డే ఇచ్చి, గదిలో మాటలు రికార్డు చేస్తే స్క్రైబ్ సొంతంగా రాస్తాడేమో అన్న అనుమానానికీ తావుండదు. దీనికి రాకెట్ సైన్స్ అక్కర్లేదు, బడ్జెట్‌లో ఒక పద్దు కావాలి.

నిద్రమత్తు సమంత

అమెరికాలో ఈ వాదన యాభై ఏళ్లుగా నడుస్తోంది. 1973 పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1990 నాటి వికలాంగుల చట్టం కాలేజీల మీద బాధ్యత పెట్టాయి. కోర్సు మూలస్వరూపమే మారిపోయేంత మార్పు మాత్రం చేయనక్కర్లేదు. ఏది మూలం, ఏది అలవాటు అన్నదే అక్కడ ప్రతి కేసులోనూ తగువు.

1995లో బోస్టన్ యూనివర్సిటీ ఉన్నతాధికారి జాన్ వెస్ట్‌లింగ్ ఒక ప్రసంగంలో ‘నిద్రమత్తు సమంత’ అనే విద్యార్థిని కథ చెప్పాడు. తనకు అభ్యసన లోపం ఉందనీ, క్లాసులో నిద్ర వస్తుందనీ, నోట్సు ఇవ్వాలనీ, ముందు వరసలో కూర్చోబెట్టాలనీ, పరీక్షకు అదనపు సమయం కావాలనీ ఆమె తన దగ్గరికి ఉత్తరం పట్టుకొచ్చిందట. జనం నవ్వుకున్నారు. ఆ తర్వాత ఆయనే యూనివర్సిటీ అధ్యక్షుడయ్యాడు. విద్యార్థులు కేసు వేశారు. విచారణలో తేలిందేమిటంటే సమంత అనే మనిషే లేదు. ఆయనే కల్పించాడు. మనకూ ప్రతి స్టాఫ్‌రూమ్‌లో ఒక సమంత ఉంది, పేరు మాత్రం వేరు: ‘మా చుట్టాలబ్బాయి ఒకడు దొంగ సర్టిఫికెట్‌తో...’.

1997లో తీర్పు చెప్పిన జడ్జి పాటీ సారిస్ విద్యార్థులకు దాదాపు 30 వేల డాలర్ల పరిహారం ఇప్పించింది. అయితే విదేశీ భాష బదులు వేరే కోర్సు చదువుతామన్న వాళ్ల కోరికను నేరుగా ఒప్పుకోలేదు. భాష ఆ డిగ్రీకి ప్రాణమా కాదా అని అధ్యాపకులు కూర్చుని నిజాయితీగా చర్చించి తేల్చమంది. వాళ్లు చర్చించారు, భాష ఉండాల్సిందేనన్నారు, కోర్టు ఆ మాటకు విలువిచ్చింది. అంతకుముందు టఫ్ట్స్ మెడికల్ కాలేజీలో మల్టిపుల్ చాయిస్ పరీక్షలు తప్పిన డిస్లెక్సియా విద్యార్థి కేసులోనూ ఇదే. ‘మా పద్ధతి ఇంతే’ అంటే చాలదు, వేరే దారులేమున్నాయో, ఖర్చెంతో, చదువు స్థాయి మీద ఏం ప్రభావముంటుందో చూశామని చూపించండి అని 1991లో అప్పీళ్ల కోర్టు అడిగింది. కాలేజీ చూపించింది. మరుసటి ఏడు గెలిచింది. రెండు కేసుల్లోనూ కాలేజీ కొంత నెగ్గింది, కానీ ఆలోచించి నెగ్గాల్సి వచ్చింది.

ఇదే ప్రశ్న మన దగ్గర అడిగితే కొంచెం ఇరకాటంగా ఉంటుంది. రెండో భాష చదువుకు ప్రాణమని వాదించే నైతిక హక్కు, మార్కుల కోసం పిల్లలందరినీ మూకుమ్మడిగా సంస్కృతంలో చేర్పించే కాలేజీకి ఎక్కడిది? తన కోర్సు ఎందుకుందో చెప్పలేని సంస్థ, అందులో ఏది సడలించవచ్చో కూడా చెప్పలేదు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురానికి చెందిన చూపులేని కుర్రాడు శ్రీకాంత్ బొల్లా పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాక సైన్స్ చదువుతానంటే బొమ్మలు, గ్రాఫులు చూడలేడు కాబట్టి వీల్లేదన్నారు. కోర్టుకెక్కి సాధించుకున్నాడు. పాఠాలు ఆడియోలో విని ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నాడు. ఆ పైన అమెరికాలోని ఎంఐటీలో చదివి, హైదరాబాద్ వచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. 2024లో ఆయన జీవితం మీద హిందీ సినిమా కూడా వచ్చింది. సినిమా చూసి చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమంది ప్రిన్సిపాళ్లు తమ కాలేజీ ఎంపీసీలో చూపులేని పిల్లకు సీటిస్తారో తెలుసుకోవాలని ఉంది.

సర్జన్‌ను నమ్ముతారా?

2024 జులైలో తెలంగాణ సీనియర్ ఐఏఎస్ అధికారిణి స్మితా సభర్వాల్ ఎక్స్‌లో పెట్టిన పోస్టు పెద్ద దుమారం రేపింది. వైకల్యమున్న పైలట్‌ను విమాన సంస్థ తీసుకుంటుందా, వైకల్యమున్న సర్జన్‌ను మీరు నమ్ముతారా, మరి అఖిల భారత సర్వీసుల్లో ఈ కోటా ఎందుకని ఆమె అడిగారు. నిరసనలు వెల్లువెత్తాయి. నాకూ ఆ పోస్టు నచ్చలేదు. కానీ ఆపరేషన్ బల్ల మీది రోగి ప్రయోజనం కల్పన కాదు. అతను పోటీదారుడు కాదు, కోటా వల్ల అతనికి వచ్చేదీ పోయేదీ లేదు. అతనికి కావాల్సింది సరైన డాక్టర్, అంతే.

ఆ అక్టోబరులోనే సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను రెండు తీర్పుల్లో ఎదుర్కొంది. మొదటి కేసులో, మాట స్పష్టతలో లోపం 40 శాతం దాటిన విద్యార్థికి అధికారులు ఎంబీబీఎస్ సీటు కాదన్నారు. అక్టోబరు 15న జస్టిస్ గవాయ్, జస్టిస్ అరవింద్ కుమార్, జస్టిస్ విశ్వనాథన్ చెప్పింది ఇది: అంకె చూసి గేటు మూయకూడదు, ఆ వైకల్యం చదువుకు అడ్డమవుతుందో లేదో మెడికల్ బోర్డు కారణాలతో చెప్పాలి. పది రోజుల తర్వాత 88 శాతం కండరాల క్షీణత ఉన్న విద్యార్థి కేసులోనూ అదే దారి. 2025 ఫిబ్రవరిలో మరో కేసులో ‘రెండు చేతులూ ఏ లోపం లేకుండా ఉండాలి’ అన్న మెడికల్ అడ్మిషన్ నిబంధననే కోర్టు తప్పుపట్టింది. ఎంబీబీఎస్ చదివినవాళ్లంతా కత్తి పట్టరు. సైకియాట్రీ ఉంది, పాథాలజీ ఉంది, రేడియాలజీ ఉంది.

1979లో అమెరికా సుప్రీంకోర్టు వినికిడి లోపమున్న ఓ మహిళను నర్సింగ్ కోర్సులో చేర్చుకోనక్కర్లేదంది. ఆమె పెదవుల కదలిక చూసి మాట అర్థం చేసుకునేది, ఆపరేషన్ థియేటర్‌లో అందరి మూతికీ మాస్కే. ఆనాటికి ఆ తీర్పులో లాజిక్ ఉంది. ఇప్పుడు మూతి కనపడే పారదర్శక మాస్కులున్నాయి, గుండె చప్పుడును తెర మీద గీతగా చూపించే స్టెతస్కోపులున్నాయి. రోగి భద్రత మారలేదు, దాన్ని కాపాడే సాధనాలు మారాయి. అందుకే ‘కుదరదు’ అనే జవాబుకు కూడా గడువు తేదీ ఉండాలి.

ఇద్దరికీ హక్కున్నప్పుడు

అసలు గట్టి చిక్కు వేరే. ఇద్దరు వికలాంగ విద్యార్థుల అవసరాలే ఒకదానికొకటి అడ్డు తగిలితే? చూపులేని అమ్మాయి పెర్కిన్స్ బ్రెయిలర్ మీద పరీక్ష రాస్తోంది. పాత టైపురైటర్‌లా టకటక మోత. అదే గదిలో ఆటిజం ఉన్న అబ్బాయి, ఆ శబ్దానికి చెవులు మూసుకుని వణికిపోతాడు. వినికిడి లోపమున్న పిల్లవాడికి మాస్టారి మొహం మీద వెలుతురు పడాలి, పక్క బెంచీలో వెలుగు భరించలేని కంటి సమస్య ఉన్న అమ్మాయికి లైట్లు తగ్గించాలి. చట్టం ఇద్దరి పక్కనా నిలబడుతుంది. ఎవరి శాతం ఎక్కువ అని, వైకల్య శాతాన్ని తేల్చే సదరం సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది కాదిది.

వీధుల్లో ఇలాంటి తగువు ఒకటి ఎలా తీరిందో చూస్తే కొంత దారి కనపడుతుంది. చక్రాల కుర్చీ కోసం ఫుట్‌పాత్ అంచును రోడ్డుకు సమానంగా వాలు చేస్తే, చేతికర్రతో నడిచే చూపులేని మనిషికి ఫుట్‌పాత్ ఎక్కడ ఆగిందో తెలియకుండా పోతుంది. అతనికి ఆ అంచే రక్షణ. ఒకరి కోసం మరొకర్ని రోడ్డు మీదికి నెట్టలేం. జపాన్‌లో సెయిచీ మియాకే అనే ఆయన బొడిపెలున్న పలకలు తయారు చేశాడు, 1967లో ఒకయామాలో మొదట పరిచారు. వాలు వాలుగానే ఉంటుంది, అంచు పాదానికీ కర్రకూ తెలుస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్నవారికి ఆ బొడిపెల మీద కొంచెం కుదుపు తప్పదు, అందుకే వాటిని అవసరమైనంత మేరకే పరుస్తారు. ఎవరికీ నూటికి నూరు దక్కలేదు, ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. (మన నగరాల్లో ఆ పసుపు పలకలు నేరుగా కరెంటు స్తంభానికి దారి చూపించడం వేరే కథ.) కాలేజీలోనూ అంతే. బ్రెయిలర్‌కు వేరే గది, లేదా చప్పుడు చేయని బ్రెయిలీ పరికరం. గది ఖర్చు చిన్నది, పరికరం ఖర్చు పెద్దది. రెండూ కాలేజీవే తప్ప ఆ ఇద్దరు పిల్లలవి కావు.

మూడో అంతస్తు

లిఫ్టు లేని కాలేజీలో క్లాసు మూడో అంతస్తులో పడితే? ‘మేమున్నాం కదరా’ అని నలుగురు స్నేహితులు కుర్చీతో సహా ఎత్తుకుని తీసుకెళ్తారు. పత్రికల్లో ఫొటో వస్తుంది, మానవత్వం అని శీర్షిక పెడతారు. మేమూ పెట్టాం. అదే కుర్చీలో అమ్మాయి ఉంటే? ఎవరు ఎత్తాలి, ఎక్కడ పట్టుకుని ఎత్తాలి? పొద్దున్నుంచి సాయంత్రం దాకా బాత్రూమ్‌కు వెళ్లే దారి లేదు కాబట్టి ఇంటి దగ్గర బయల్దేరేముందే నీళ్లు తాగడం మానేస్తుంది. రెండు నెలలయ్యాక ‘దూరవిద్యలో కట్టిద్దాంలే’ అంటాడు నాన్న. ఆ సెక్షన్‌ను గ్రౌండ్ ఫ్లోర్‌కు మారిస్తే కింద ఉన్న సెక్షన్ పైకెక్కాలి. ‘ఒక్క అమ్మాయి కోసం అరవై మందిమా’ అని గొణుగుడు. మళ్లీ విద్యార్థికీ విద్యార్థికీ మధ్య తగువు! లిఫ్టు పెట్టాల్సినవాడు మాత్రం సీసీ కెమెరాలో చూస్తున్నాడు.

పాత భవనాలన్నిటినీ నియమావళి వచ్చిన అయిదేళ్లలో అందరికీ అందుబాటులోకి తేవాలని చట్టం చెప్పింది. ప్రైవేటు కాలేజీలూ ఇందులోకే వస్తాయి. నియమావళి 2017 జూన్‌లో వచ్చింది, గడువు 2022 జూన్‌లో దాటిపోయింది. దేశంలో ఈ అందుబాటు ఎలా ఉందో చూసి చెప్పమని సుప్రీంకోర్టు హైదరాబాద్ శివార్లలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వికలాంగుల అధ్యయన కేంద్రాన్ని అడిగింది. ఆ నివేదిక ఆధారంగా 2024 నవంబరు 8న కోర్టు, కేంద్ర నియమాల్లోని 15వ నియమం చట్టానికే విరుద్ధమని తేల్చింది. చేస్తే మంచిది తరహా సూచనలు సరిపోవు, తప్పనిసరి ప్రమాణాలు రాయండి అంది.

ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి

కంటికి కనపడని వైకల్యాల దగ్గర ఇంకో పెనుగులాట. అమెరికా డిగ్రీ కాలేజీల్లో తమకు ఏదో ఒక వైకల్యం ఉందని చెప్పుకునేవారు 2020 నాటికి సుమారు అయిదో వంతు. అక్కడ విద్యార్థి తన వైద్య కాగితాలు ఒక ఆఫీసులో ఇస్తే, ఆ ఆఫీసు ప్రొఫెసర్‌కు ఏం సర్దుబాటు చేయాలో మాత్రమే రాస్తుంది, జబ్బు పేరు రాయదు. మోసాలు అక్కడా ఉన్నాయి. 2019లో బయటపడ్డ అడ్మిషన్ల కుంభకోణంలో డబ్బున్న తల్లిదండ్రులు అదనపు సమయం కోసం లేని అభ్యసన లోపానికి సర్టిఫికెట్లు సంపాదించారు.

మన దగ్గర దీనికి రెండో కొస కూడా ఉంది. లేని వైకల్యానికి సర్టిఫికెట్ కొనేవాళ్లు కొందరైతే, ఉన్న వైకల్యానికి సర్టిఫికెట్ వద్దనే తల్లిదండ్రులు ఇంకొందరు. డిస్లెక్సియా అనో, డిప్రెషన్ అనో కాగితం మీద పడితే రేపు పెళ్లి సంబంధాలప్పుడు బయటికొస్తుందని భయం. ఆ పిల్లదే కాదు, చెల్లెలి సంబంధం కూడా. అందుకని పిల్ల మూడుసార్లు సప్లిమెంటరీ రాస్తుంది, ‘మొద్దు’ అనిపించుకుంటుంది. కాలేజీలో ఒక కాగితం ఇస్తే క్లర్కు నుంచి క్యాంటీన్ దాకా పాకుతుందని తెలిసినచోట ఆ భయాన్ని అపోహ అనలేం. మాస్టారికి జబ్బు పేరు తెలియనక్కర్లేదు. ఏం చేయాలో తెలిస్తే చాలు. ఒక కవరు, ఒక బాధ్యుడు, తాళం ఉన్న ఒక బీరువా ఉంటే అయ్యే పని ఇది.

దొంగ సర్టిఫికెట్ల వార్త వచ్చిన ప్రతిసారీ, 2024లో మహారాష్ట్ర ప్రొబేషనరీ ఐఏఎస్ వ్యవహారంలో చూశాం కదా, తనిఖీలు బిగించమనే కేక మొదలవుతుంది. బిగించాల్సిందే. దొంగ కాగితంతో సీటు కొట్టేసేవాడు మొదట ముంచేది అసలైన వికలాంగుడినే. కానీ ఆ బిగింపు భారమూ మళ్లీ అసలువాడి మీదే పడుతుంది. సదరం క్యాంపు చుట్టూ, జిల్లా ఆసుపత్రి చుట్టూ, ప్రతి కొత్త కోర్సుకూ ప్రతి కొత్త పరీక్షకూ మళ్లీ బోర్డు ముందు నిలబడి తిరిగేది అతనే. పుట్టుకతో లేని చెయ్యి ఈ ఏడాది మొలిచిందేమో అని చూస్తారు కాబోలు.

వికలాంగుల హక్కుల చట్టంలోనే రెండు శిక్షలు పక్కపక్కన ఉన్నాయి. 91వ సెక్షన్ ప్రకారం, వికలాంగులకు ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందినవారికి రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 89వ సెక్షన్ ప్రకారం, చట్టాన్ని ఉల్లంఘించినవారికి, అంటే సర్దుబాటు ఇవ్వని కాలేజీకి, వాలుదారి కట్టని యాజమాన్యానికి, మొదటిసారి తప్పుకు జరిమానా పది వేల రూపాయలు దాటదు. పది వేలకు లిఫ్టు రాదు. కానీ ఏ అకౌంటెంటును అడిగినా లిఫ్టు కంటే అదే చవకని చెబుతాడు.